వనరుల పట్టిక: ఇచ్చుటలో ఉన్న శ్రద్ధ తిరిగి పుచ్చుకొనుటలో ఉన్నదా?

కోనసీమలో పుట్టి పెరిగినవారికి రెండు రకాల కాలువలు తెలుసును. ఒకటి పంట కాలువ. ధవళేశ్వరం వద్ద 1852లో పూర్తి అయిన ఆనకట్ట పుణ్యమా అని, లాకులు దాటి, బోదెల వెంట చేలకు నీరు తెచ్చేది ఇది. రెండవది మురుగు కాలువ. చేలో పని తీరిన నీటిని, మీద పడ్డ వాన నీటిని సముద్రం వైపుకు తీసుకొనిపోయేది ఇది. మొదటిదాన్ని గూర్చి మనవారు గర్వంగా చెప్పుకొంటారు. కాటన్ దొరకు ఊరూర విగ్రహాలు నిలిపారు. రెండవదాన్ని గూర్చి, అది పూడిపోయి చేలు మునిగిననాడు తప్ప, ఎవరూ మాట్లాడరు. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పుకొన్న కష్టాలలో గిట్టుబాటు ధర లేకపోవుటతో పాటు ఈ మురుగు సమస్య కూడ ఒకటి. నీరు ఇచ్చే ఏర్పాటు ఎంత గొప్పదైనా, ఆ నీరు వెనుకకు పోయే దారి సరిగా లేకపోతే పంట దక్కదు.

ఈ సంగతి ఇక్కడ ఎత్తుకొనుటకు కారణం ఉన్నది. కంప్యూటరు లోపల కూడ ఇటువంటి జంట ఏర్పాటు ఒకటి పనిచేస్తూ ఉంటుంది. అక్కడ కూడ ఇచ్చుటను గూర్చి ఎక్కువగాను, తిరిగి పుచ్చుకొనుటను గూర్చి తక్కువగాను ఆలోచించిన ఘట్టాలు కనబడతవి. అందులో చిరకాలం వాడుకలో ఉన్న ఒక చిన్న సాధనాన్ని తీసుకొని, దాని గుణదోషాలు విచారించుట ఈ వ్యాసం ఉద్దేశం. దాని పేరు వనరుల పట్టిక. ఆంగ్లంలో రిసోర్స్ మ్యాప్ అంటారు.

ఎవరికి అవసరం ఈ పట్టిక?

కంప్యూటరులో అన్నింటికంటె అడుగున ఉండి, జ్ఞాపకశక్తిని, డిస్కును, తెరను, కీబోర్డును అదుపులో ఉంచే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఒక్కొక్క పరికరంతో మాట్లాడుటకు కెర్నెల్‌లో ఒక్కొక్క చిన్న భాగం ఉంటుంది. అది డ్రైవరు. ప్రింటరుకు ఒక డ్రైవరు, డిస్కుకు ఒక డ్రైవరు, నెట్‌వర్క్ కార్డుకు ఒక డ్రైవరు.

డ్రైవరు చేతిలో ఒక్కొక్కప్పుడు పంచిపెట్టవలసిన సొత్తు ఉంటుంది. ఉదాహరణకు ఒక కార్డు మీద 64 గదులు ఉన్నవనుకొందాం. ఒకరు 8 గదులు అడుగుతారు, ఇంకొకరు 16 అడుగుతారు. అడిగినన్ని గదులూ ఒకదాని ప్రక్కన ఒకటిగా, వరుసగా ఉండవలె. పని తీరినవారు తిరిగి ఇస్తారు. ఏ గదులు ఖాళీగా ఉన్నవో ఎక్కడో ఒకచోట లెక్క వ్రాసి ఉంచుకొనవలె కదా! ఆ లెక్క పుస్తకమే వనరుల పట్టిక.

పట్టికలో ఒక్కొక్క పద్దుకు రెండే అంకెలు: ఖాళీ ముక్క ఎంత పొడవు, అది ఎక్కడ మొదలు. గదులే కానక్కరలేదు, డిస్కులోని దిమ్మలు కావచ్చును, జ్ఞాపకశక్తిలోని పుటలు కావచ్చును. కొలత ఏదైనా పట్టికకు ఒకటే. దానికి అంకెలు తప్ప వస్తువు తెలియదు.

దీని పూర్వ చరిత్ర

బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు నిర్మించిన యూనిక్స్‌కు 1975లో వెలువడిన ఆరవ కూర్పులో ఈ పట్టిక స్పష్టంగా కనబడుతుంది. అందులో ఒకే మచ్చుమీద రెండు పట్టికలు ఉండేవి. ఒకటి ప్రధాన జ్ఞాపకశక్తికి. దాని కొలత 64 బైట్ల దిమ్మ. రెండవది డిస్కు మీద తాత్కాలిక నిలువకు కేటాయించిన చోటుకు. దాని కొలత 512 బైట్ల దిమ్మ. కొలతలు వేరైనా, ఇచ్చే రొటీను ఒకటే, పుచ్చుకొనే రొటీను ఒకటే. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం ఈ ఆరవ కూర్పుకు పంక్తి పంక్తికీ వ్యాఖ్యానం వ్రాసినాడు. 1977 నాటి ఆ పుస్తకం అనుమతుల చిక్కుల వల్ల బహిరంగంగా అచ్చు కాలేదు. ఫొటోకాపీల మీదనే దేశదేశాలు తిరిగి, చివరకు 1996లో ప్రచురణ పొందినది. ఒక అధ్యాపకుడు తరగతి కోసం వ్రాసిన నోట్సు ఒక తరం ఇంజనీర్లకు పాఠ్యగ్రంథమైనదంటే, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మనకు అది సంతోషింపవలసిన విషయం.

తరువాత సన్ మైక్రోసిస్టమ్స్ వారి సొలారిస్‌లో డ్రైవర్లు వ్రాసేవారికోసం ఈ పట్టికను ఒక క్రమబద్ధమైన సాధనంగా అందించారు. అందులో ముఖ్యమైన పిలుపులు నాలుగు. ఆర్ఎమ్‌ఆలక్‌మ్యాప్ పట్టికను పుట్టిస్తుంది. ఆర్ఎమ్‌ఫ్రీమ్యాప్ పట్టికనే తీసివేస్తుంది. ఆర్ఎమ్‌ఆలక్ పట్టికలోనుండి ముక్క ఇస్తుంది. ఆర్ఎమ్‌ఫ్రీ ముక్కను తిరిగి పుచ్చుకొంటుంది. మొదటి రెండు పుస్తకాన్ని తెరచుట, మూయుట. తరువాతి రెండు పుస్తకంలో పద్దులు వ్రాయుట. పేర్లలో పోలిక ఉండుటచేత విద్యార్థులు ఈ రెండు జంటలను కలగాపులగం చేస్తారు. ముక్కను విడుదల చేయుట వేరు, ముక్కల లెక్క వ్రాసే పట్టికనే విడుదల చేయుట వేరు.

నల్లబల్ల మీద ఒక లెక్క

మన 64 గదులకు 1 నుండి 64 వరకు అంకెలు వేద్దాం. పట్టికను పుట్టించిన క్షణంలో అది శూన్యం. అందులో పద్దులే లేవు; అంటే పంచిపెట్టుటకు ఏమీ లేదు. అప్పుడు డ్రైవరు చేయవలసిన మొదటి పని విచిత్రంగా ఉంటుంది: ఎవరూ తీసుకొనని 64 గదులను పట్టికకు తిరిగి ఇవ్వవలె! 'ఒకటవ గది నుండి 64 గదులు ఇదిగో, పుచ్చుకో' అని ఆర్ఎమ్‌ఫ్రీని పిలువవలె. అప్పుడు పట్టికలో ఒక్క పద్దు పడుతుంది: 1 వద్ద 64.

ఇప్పుడు పంపకం. అ అనువాడు 8 గదులు అడిగినాడు. 1 నుండి ఇచ్చినాం. మిగిలినది 9 వద్ద 56. ఆ అనువాడు 16 అడిగినాడు. 9 నుండి ఇచ్చినాం. మిగిలినది 25 వద్ద 40. ఇ అనువాడు 8 అడిగినాడు. 25 నుండి ఇచ్చినాం. మిగిలినది 33 వద్ద 32. ఇంతవరకు పట్టికలో ఒక్కటే పద్దు.

ఆ పని ముగించి 16 గదులు తిరిగి ఇచ్చినాడు. వాటికి ముందు అ ఉన్నాడు, వెనుక ఇ ఉన్నాడు. కనుక అవి విడిగా నిలిచినవి. పట్టికలో ఇప్పుడు రెండు పద్దులు: 9 వద్ద 16, 33 వద్ద 32. ఈ అనువాడు వచ్చి 20 అడిగినాడు. పట్టికను మొదటినుండి చూచుకొంటూ పోయి, సరిపోయిన మొదటి ముక్కలోనుండి ఇచ్చుట ఇక్కడి నియమం. 16 చాలదు, 33 వద్ద నుండి 20 ఇచ్చినాం. మిగిలినవి 9 వద్ద 16, 53 వద్ద 12. మొత్తం ఖాళీ 28 గదులు.

ఉ అనువాడు వచ్చి 20 అడిగినాడు. ఖాళీ 28 ఉన్నవి, అడిగినది 20. ఐనా లేదనవలసినదే. వరుసగా 20 ఎక్కడా లేవు. కొబ్బరితోటలో అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు పడిపోయి ఎంతో జాగా ఖాళీ అయినా, కళ్ళం వేసుకొనుటకు ఒక్కచోటైనా చోటు దొరకని స్థితి ఇది. దీన్నే ఖాళీ చిల్లరపడుట అనవచ్చును.

ఇంతలో ఇ తన 8 గదులు తిరిగి ఇచ్చినాడు. అవి 25 నుండి 32 వరకు. వాటికి ముందున్న 9 నుండి 24 వరకు ఇదివరకే ఖాళీ. రెండూ అంటుకొని 9 వద్ద 24 అనే ఒక్క ముక్క అయినది. ఇప్పుడు ఉ వస్తే 20 సంతోషంగా ఇవ్వవచ్చును.

విద్యార్థులు ఒక సంగతి గమనించవలెను. ఇచ్చుట సులభమైన పని; ఒక ముక్కను కోసి ముందుభాగం ఇచ్చివేస్తే చాలును. పుచ్చుకొనుటలోనే తెలివి అవసరం. వచ్చిన ముక్క ముందుదానితో అంటుకొనునా, వెనుకదానితో అంటుకొనునా, రెండింటితోను అంటుకొనునా, దేనితోను అంటుకొనక విడిగా నిలుచునా అని నాలుగు విధాల విచారించవలె. సాధనం యొక్క ప్రాణం తిరిగి పుచ్చుకొనే రొటీనులో ఉన్నది.

గుణాలు

ముందు గుణాలు చెప్పుట న్యాయం. మొదటిది, పొదుపు. రెండు చిన్న రొటీనులతో ఎన్నో రకాల సొత్తును పంచవచ్చును. నాటి పిడిపి 11 యంత్రాల జ్ఞాపకశక్తి నేటి చేతిఫోనుతో పోల్చుటకైనా చాలనంత కొద్ది. అంత ఇరుకులో ఇంతకంటె పొందికైన ఏర్పాటు ఊహించుట కష్టం.

రెండవది, నిరాడంబరత. సొత్తును మొదట పట్టికకు అప్పగించుటకూ, వాడినవారు తిరిగి ఇచ్చుటకూ ఒకే పిలుపు సరిపోవుట అందమైన ఆలోచన. పుట్టుకకు ప్రత్యేక నియమం అక్కరలేకపోయినది.

మూడవది, స్పష్టత. పదవ తరగతి విద్యార్థి అయినా కాగితం మీద నడిపించి చూచుకొనగలడు. పైన మనం చేసినది అదే.

దోషాలు

ఇక దోషాలు. ఇవి నాలుగు.

మొదటిది చిన్నది. చోటు లేనప్పుడు ఈ రొటీను సున్నను సమాధానంగా ఇస్తుంది. అప్పుడు సున్నవ గదిని ఇచ్చినానని చెప్పవలసివస్తే ఎట్లా? చెప్పుటకు వీలులేదు. ఇచ్చినదానికీ, లేదన్నదానికీ భేదం ఉండదు. అందుచేత సొత్తుకు సున్న అంకె వేయరాదు. యూనిక్స్ ఆరవ కూర్పులో తాత్కాలిక నిలువ డిస్కు మీద 4000వ దిమ్మ నుండి మొదలై 872 దిమ్మలు ఉండేది. ఆ మొదటి అంకె సున్న కారాదని అక్కడనే ప్రక్కన హెచ్చరిక వ్రాసి ఉంచారు. హెచ్చరిక వ్రాయవలసి వచ్చినదంటే సాధనంలో ఒక గుంట ఉన్నదని అర్థం. గుంట పూడ్చక ప్రక్కన గుర్తు కర్ర పాతినారు.

రెండవ దోషం వేగానికి సంబంధించినది. పట్టికను మొదటినుండి వెదుకవలె. పద్దులు పది ఉంటే పది చూడవలె, పదివేలు ఉంటే పదివేలు చూడవలసి రావచ్చును. యంత్రం ఎంత పెద్దదైతే పట్టిక అంత చిల్లరపడుతుంది. వెదకుట అంత ఆలస్యమవుతుంది.

మూడవది గట్టి దోషం. పట్టికను పుట్టించేటప్పుడే అందులో ఎన్ని పద్దులు పట్టవలెనో చెప్పవలె. ఒకేసారి ఎన్ని ముక్కలు బయట ఉండగలవో ఆ సంఖ్యను ఇవ్వవలెనని సొలారిస్ కరదీపిక చెబుతున్నది. కాని పట్టిక వ్రాసుకొనేది ఇచ్చిన ముక్కలను కాదు, ఖాళీ ముక్కలను. బయట 5 ముక్కలు ఉంటే వాటి మధ్య, వాటికి అటూ ఇటూ కలిపి 6 ఖాళీలు ఉండవచ్చును. ఐదు వ్రేళ్ళకు మధ్య సందులు నాలుగు. రెండు చివరలా ఖాళీ ఉన్నదనుకొంటే మొత్తం ఆరు. బయటి ముక్కల సంఖ్యకంటె ఖాళీల సంఖ్య ఒకటి ఎక్కువ కావచ్చునని విద్యార్థులు సులభంగా నిరూపించవచ్చును. మరి రేపు ఎంతమంది అడుగుతారో, ఏ వరుసలో తిరిగి ఇస్తారో డ్రైవరు వ్రాసేవానికి ఈనాడు ఎట్లా తెలుస్తుంది?

పట్టిక నిండిపోయిన తరువాత ఎవరైనా ఒక విడి ముక్కను తిరిగి ఇస్తే ఏమవుతుంది? అది వ్రాసుకొనుటకు చోటు లేదు. ఆరవ కూర్పులో పుచ్చుకొనే రొటీనుకు పట్టిక ఎంత పొడవో తెలియనే తెలియదు. హద్దు చూచుకొనే పరీక్షే లేదు. తరువాత బర్కిలీ వారి యూనిక్స్‌లో హద్దు పరీక్ష చేర్చారు. కాని హద్దు దాటినప్పుడు అది చేయగలిగినదల్లా పట్టిక పొంగినదనీ, ఫలానా అంకె నుండి ఫలానా అంకె వరకు సొత్తు పోయినదనీ తెర మీద ఒక వాక్యం వ్రాయుట. నిజాయితీగా తిరిగి ఇచ్చినవాని సొత్తు, పుచ్చుకొనేవాని పుస్తకంలో కాగితాలు చాలక, గంగలో కలిసిపోయినది! మురుగు కాలువ పూడిపోవుట అంటే ఇదే.

ఈ దోషం వెనుక ఒక విపరీతం ఉన్నది. సొత్తు ఎంత చిల్లరపడితే లెక్క వ్రాయుటకు అంత ఎక్కువ చోటు కావలె. అంటే కష్టకాలంలోనే పుస్తకానికి ఎక్కువ కాగితాలు కావలసివస్తవి. ఆ కష్టకాలంలోనే అవి దొరకవు.

నాలుగవ దోషం

నాలుగవదాన్ని నాకు చూపించినది ఒక విద్యార్థి. పైన వ్రాసిన 64 గదుల ఆటను ఒకనాడు తరగతిలో ఆడించినాను. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క డ్రైవరు. నల్లబల్ల దగ్గర ఒకరు పట్టిక వ్రాస్తున్నారు. గంట అయ్యేసరికి అందరూ తిరిగి ఇచ్చివేసినామన్నారు. పట్టికలో మాత్రం 64 రాలేదు. 56 వచ్చినవి, అవీ రెండు ముక్కలుగా. ఎక్కడ తప్పు జరిగినదో కనుక్కొనుటకు పట్టిక వ్రాసిన పిల్లను అడిగినాను. ఆమె బల్లవైపు చూచి అన్నది: "ఎవరు తీసుకున్నారో ఇందులో రాయలేదు కదండీ మాస్టారూ, ఎవరు ఇవ్వలేదో ఎలా తెలుస్తుందండీ?"

చివరకు తెలిసినదేమంటే, కాట్రేనికోన బస్సు అందదని ముందుగా వెళ్ళిపోయిన ఒక కుర్రవాడు తన 8 గదులను జేబులో వేసుకొని పోయినాడు. ఆట కనుక నవ్వుకొన్నాం. కాని ఆమె ప్రశ్న నన్ను వదలలేదు.

ఈ పట్టిక ఖాళీనే వ్రాస్తుంది. ఎవరి చేతిలో ఏమున్నదో వ్రాయదు. తీసుకొన్నవాడు మరచిపోతే పట్టికకు తెలియదు. తీసుకొనిన కొలతే తిరిగి ఇవ్వవలెననీ, ముక్కలు ముక్కలుగా ఇవ్వరాదనీ సొలారిస్ కరదీపికలో నియమం ఉన్నది. కాని ఇచ్చిన లెక్కే వ్రాయని పుస్తకం ఆ నియమాన్ని దేనితో సరిచూస్తుంది? తనదగ్గర ఉన్న ఖాళీతో అతివ్యాప్తి అయితే తప్పు కనబడుతుంది. తక్కువ ఇస్తే కనబడదు.

మన గ్రామాల్లో 1984లో రద్దు అయ్యేవరకు కరణాల వ్యవస్థ ఉండేది. కరణం వ్రాసే అడంగలులో సర్వే నంబరు, విస్తీర్ణంతో పాటు సాగు చేసేవాని పేరు కూడ ఉండేది. ఆ వ్యవస్థకు ఎన్ని లోపాలున్నా, పుస్తకం రూపం మాత్రం సరియైనదే. ఏ భూమి బంజరో మాత్రమే వ్రాసి, ఏ భూమి ఎవరి సాగులో ఉన్నదో వ్రాయని అడంగలు ఉంటుందా?

సామాన్యమైన ప్రోగ్రాము తీసుకొన్న జ్ఞాపకశక్తిని తిరిగి ఇవ్వకపోయినా, అది ముగియగానే కెర్నెల్ అంతా స్వాధీనం చేసుకొంటుంది. కెర్నెల్ లోపలి డ్రైవరుకు అట్టి రక్షణ సహజంగా లేదు. దాని పైన ఇంకొకరు లేరు. మన కార్డులో ఒక్కొక్కరు 8 గదులు తీసుకొని, మధ్యలో పని చెడి తిరిగి ఇవ్వకుండ పోయినారనుకొందాం. ఎనిమిది మంది ఇట్లా పోతే 64 గదులూ మాయం. తొమ్మిదవవాడు వచ్చి 8 అడిగితే సున్న వస్తుంది. అతడు ఏ తప్పూ చేయలేదు. కాని తప్పు కనబడేది అతని దగ్గర. ఆస్పత్రి యంత్రమైనా, విద్యుత్ కేంద్రపు యంత్రమైనా నెలల తరబడి ఆపకుండ నడువవలసినప్పుడు ఇట్టి తప్పు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

పట్టికను తీసివేసే ఆర్ఎమ్‌ఫ్రీమ్యాప్‌లో కూడ ఇదే వైఖరి కనబడుతుంది. పట్టిక తీసివేసే ముందు దానిలోని సొత్తును ఎవరూ వాడుకొనుట లేదనీ, దానికోసం ఎవరూ ఎదురుచూచుట లేదనీ పిలిచేవాడే నిశ్చయపరచుకొనవలెనని నియమం. ఎట్లా నిశ్చయపరచుకొనవలె? పట్టికను అడిగితే చెప్పదు. డ్రైవరు వ్రాసేవాడు తన ప్రక్క ఇంకొక లెక్క వ్రాసుకొనవలె. లెక్క కోసం తెచ్చిన పుస్తకానికి ఇంకొక పుస్తకం కావలసివచ్చినది!

తరువాతివారు చేసినది

ఈ దోషాలు పెద్దలకు తెలియక కాదు. సొలారిస్ 8లో జెఫ్ బోన్విక్ నిర్మించిన వీమెమ్ అనే కొత్త సాధనం చేరినది. దాని వివరాలు 2001లో బోన్విక్, జోనథన్ ఆడమ్స్ కలిసి ఒక పరిశోధన పత్రంలో ప్రకటించారు. పాత పట్టిక నెమ్మదితనాన్ని, పొంగిపోయే లోపాన్ని వారు అందులో విమర్శించినారు. వీమెమ్‌లో ఖాళీ ముక్కకే కాక ఇచ్చిన ముక్కకు కూడ పద్దు ఉంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పద్దును వెదికి కొలత సరిచూస్తారు. ఖాళీ ముక్కలను పొడవునుబట్టి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పదిరెండు అని వరుసలుగా వేరుచేసి ఉంచుతారు. 20 అడిగితే 32కు, ఆపైకి చెందిన వరుసలో ఏ ముక్కైనా సరిపోతుంది, కొలిచి చూడనక్కరలేదు. అందుచేత పద్దులు ఎన్ని ఉన్నా ఇచ్చుటకు పట్టే కాలం దాదాపు ఒకటే. దీనికీ ఒక వెల ఉన్నది: 24 ముక్క సరిపోయేదే అయినా, 16 వరుసలో ఉండుటచేత మొదట దానివైపు చూడరు. వేగం కోసం కొంత పొందికను వదలుకొన్నారన్నమాట.

లైనక్స్ కెర్నెల్‌లో యంత్రం చిరునామాల పంపకానికి ఇంకొక పద్ధతి అవలంబించారు. అక్కడ తీసుకొనేవాడు తన పేరు చెప్పవలె. ఏ చిరునామాలు ఏ డ్రైవరు చేతిలో ఉన్నవో పేర్లతో సహా ఎవరైనా చదివి చూడవచ్చును. పాఠశాలలో లైనక్స్ కంప్యూటరు ఉన్న ఉపాధ్యాయులు ప్రాక్ విభాగంలోని ఐఓమెమ్ అనే పత్రం తెరచి విద్యార్థులకు చూపవచ్చును. తక్కువ అధికారంతో తెరచినప్పుడు చిరునామాల అంకెలు సున్నలుగా కనబడవచ్చును. పేర్లు మాత్రం కనబడతవి. 2007లో అదే కెర్నెల్‌లో ఇంకొక మెట్టు ఎక్కినారు. తేజున్ హియో ప్రవేశపెట్టిన ఏర్పాటు ప్రకారం డ్రైవరు తీసుకొనే ప్రతి వనరును ఆ పరికరం పేరిట ఒక చిట్టాలో చేర్చవచ్చును. పరికరం విడిపోయినప్పుడు, లేదా డ్రైవరు ప్రారంభంలోనే విఫలమైనప్పుడు, తీసుకొన్న వరుసకు వ్యతిరేక వరుసలో అన్నీ వాటంతట అవే విడుదల అవుతవి. బస్సు కోసం పరుగెత్తిన కుర్రవాని జేబు గుమ్మం దగ్గరే ఖాళీ చేయించే ఏర్పాటు ఇది.

ఈ వ్యతిరేక వరుసను గూర్చి ఒక మాట. డ్రైవరు ప్రారంభంలో మొదట పట్టిక పుట్టిస్తుంది; తరువాత పరికరం రిజిస్టర్లను అందుకొంటుంది; తరువాత అంతరాయాల ఏర్పాటు చేసుకొంటుంది. మూడవ మెట్టు దగ్గర విఫలమైతే రెండవది విడువవలె, తరువాత మొదటిది విడువవలె. చొక్కా తొడిగి పైన కోటు తొడిగినవాడు కోటు విప్పకుండ చొక్కా విప్పలేడు. డ్రైవర్లలో ఎన్నో తప్పులు ఈ దారిలోనే దాగి ఉంటవి. ఎందుకంటే పనిచెడే దారి ఎప్పుడో గాని నడువదు. పరీక్షించేవారు దాన్ని త్రొక్కరు.

తీర్పు

వనరుల పట్టికను నేటి కొలతలతో కొలిచి తీసిపారవేయుట న్యాయం కాదు. తన కాలానికి, తన యంత్రానికి అది చక్కగా సరిపోయినది. ఇరవై ఐదేండ్లు కెర్నెళ్ళను నడిపినది. దాని తప్పు చిన్నదిగా ఉండుట కాదు. ఇచ్చేచోట ఒక్కడు అబద్ధమాడినా లెక్క చెడుతుందని తెలిసి, నమ్మకం అంతా తీసుకొనేవాని మీదనే పెట్టుట దాని తప్పు. యంత్రాలు చిన్నవి, వ్రాసేవారు కొద్దిమంది, ఒకరినొకరు ఎరిగినవారు అయినంతకాలం ఆ నమ్మకం చెల్లినది. వ్రాసేవారు వేలమంది అయిన తరువాత చెల్లలేదు.

ఈ విమర్శ సాధనం దగ్గర ఆగిపోకూడదు. ఆ విద్యార్థిని ప్రశ్న విన్న తరువాత నేను ఇంటికి వెళ్ళి, కొన్ని సంవత్సరాలుగా నేను తయారు చేసిన ప్రశ్నపత్రాలు తిరగవేసినాను. ఇచ్చుటను గూర్చి ప్రతి ఏడూ ప్రశ్న ఉన్నది. మొదట సరిపోయినది ఇచ్చుట ఎట్లా, అన్నింటిలో బాగా సరిపోయినది ఇచ్చుట ఎట్లా, వీటి భేదాలేమి అని అడిగినాను. తిరిగి పుచ్చుకొనుటను గూర్చి ఒక్క ప్రశ్నైనా లేదు. నాలుగు విధాల విచారించవలసిన రొటీనును పాఠంలో 'తరువాత విడుదల చేయవలెను' అనే ఒక్క వాక్యంతో దాటించినాను. పట్టికలో నేను చూపిన దోషం నా బోధనలోనే ఉన్నది. నా దగ్గర చదివి బెంగళూరు, హైదరాబాదు పోయి ఉద్యోగాలు చేస్తున్నవారు వ్రాసే ప్రోగ్రాములలో ఆ ఒక్క వాక్యం ఎన్ని చోట్ల దాటిపోయినదో!

కనుక ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. కంప్యూటరు పాఠం చెప్పేటప్పుడు, తీసుకొనే ప్రతి పంక్తికి ఎదురుగా ఇచ్చే పంక్తి ఎక్కడ ఉన్నదో విద్యార్థిచేత వ్రేలితో చూపించండి. మధ్యలో పని చెడితే ఆ ఇచ్చే పంక్తి దాకా దారి ఉన్నదా అని అడగండి. 64 గదుల ఆటకు ఖర్చు లేదు. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క చాలును. ఆడించేటప్పుడు ఒక విద్యార్థిని ముందుగా ఇంటికి పంపివేయండి. ఆ తరువాత లెక్క సరిచూడమనండి. పేరు వ్రాసిన పట్టికతో ఒకసారి, పేరు వ్రాయని పట్టికతో ఒకసారి ఆడిస్తే, ఏ పుస్తకం ఎందుకు మేలో మనం చెప్పవలసిన అవసరం ఉండదు.

మా అమలాపురం చుట్టుప్రక్కల ఈనాటికీ రైతు చేను కొనేటప్పుడు నీరు ఎటునుండి వస్తుందని అడిగిన వెంటనే, మురుగు ఎటు దిగుతుందని అడుగుతాడు. రెండవ ప్రశ్నకు జవాబు రాకపోతే బయానా ఇవ్వడు.